తొమ్మిదో కాగితం

ఆ గొంతు నేను మొదటిసారి విన్నది ఒక ఆదివారం మధ్యాహ్నం, మా హాస్టల్ డాబా మీద. ఉతికిన బట్టలు ఆరేయడానికి బకెట్ పట్టుకుని మెట్లెక్కుతున్నాను. పైన నీళ్ల ట్యాంకు వెనక ఎవరో ఎవరినో తిడుతున్నారు. అరుపులు కావు. పళ్లు బిగబట్టి, ఒక్కో మాటా నమిలినట్టుగా తిట్టడం.

"సిగ్గు లేదా నీకు? గింత తిండి తిని ఒక్క పేపరు చదువరాదా? ఎవలకు పనికొస్తవ్ నువ్వు? అసలెందుకున్నవ్?"

ఎవరో ఫోన్లో చెల్లెల్నో తమ్ముణ్నో వాయిస్తున్నారనుకున్నాను. హాస్టల్లో అది రోజూ ఉండేదే. ఒకరి ఇంటి గొడవ మధ్యలోకి పోవడం ఎందుకని పై మెట్టు దగ్గరే ఆగాను. కాసేపటికి ట్యాంకు వెనక నుంచి నా రూమ్మేట్ బయటికి వచ్చింది. నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వింది.

"ఇటియ్యి, ఒక కొస నేను పట్టుకుంట" అని నా దుప్పటి అందుకుంది. ఇద్దరం చెరో వైపు పట్టి నీళ్లు పిండాం. ఎవరితో మాట్లాడుతున్నావని అడగబోయి మానుకున్నాను.

కిందికొచ్చి గది తలుపు తీస్తే ఆమె ఫోన్ మంచం మీద ఉంది, ఛార్జింగ్ పెట్టి.

మా దిక్కు బుగులు అనే మాట ఉంది. భయమంటే ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి, పామో, పరీక్షో, పెద్ద గొంతుతో అరిచే మనిషో. బుగులుకు అలాంటిదేమీ అక్కర్లేదు. కడుపులో ఏదో కిందికి జారినట్టుంటుంది, అంతే. ఆ ఫోన్‌ను చూసినప్పుడు నాకు బుగులైంది. డాబా మీద ఇంకెవరూ లేరని నాకు తెలుసు. ఆ మాటలన్నీ ఎవరిని అన్నవో కూడా, ఒక్క క్షణం ఆలోచిస్తే తెలిసిపోయేది. ఆ ఒక్క క్షణం నేను ఆలోచించలేదు. బకెట్ మూలకు పెట్టి పడుకున్నాను.

నాది ఖానాపూర్ దగ్గర ఒక పల్లె. మా బాపు పన్నెండేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చి, ఇప్పుడు మక్క, పసుపు వేస్తున్నాడు. నిర్మల్‌లో డిగ్రీ అయ్యాక సోషల్ వర్క్‌లో పీజీ చదవడానికి కరీంనగర్ వచ్చాను. నా రూమ్మేట్‌ది మంచిర్యాల దగ్గర శ్రీరాంపూర్. వాళ్ల నాన్న బొగ్గు బాయిలో భూమి లోపల పనిచేస్తాడు. ఆమె ఎమ్మెస్సీ లెక్కలు. డిగ్రీలో వాళ్ల కాలేజీలో అందరికంటే ముందున్న పిల్ల.

ఆమె ఎలాంటిదో చెప్పాలంటే ఒక సంగతి చెబితే చాలు. మేము చేరిన కొత్తలో నేను ఫీల్డ్ వర్క్ రికార్డు ఇవ్వాల్సిన రోజు మర్చిపోయాను. గదిలో కూర్చుని ఏడుస్తుంటే ఆమె నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఒక్క రికార్డుకే గింత ఏడుస్తవా? మనిషన్నంక మరువదా? లే, మొహం కడుక్కో. రేపు నేను గూడ వస్త, ఇద్దరం పోయి మేడంకు చెప్తం" అంది. అన్నట్టే తన క్లాసు వదిలేసి నాతో వచ్చింది. వరండాలో ఎవరు కళ్లు తుడుచుకుంటున్నా ముందుగా ఆగేది ఆమే. జ్వరమొస్తే తలగడ పక్కన కూర్చునేది ఆమే.

మొదటి సెమిస్టర్ ఫలితాలు మధ్యాహ్నం మెస్‌లో ఉండగా వచ్చాయి. అందరూ ఫోన్ల మీద పడ్డారు. ఆమె ఒక పేపర్లో తప్పింది. స్క్రీన్‌ను కాసేపు చూసి, ఫోన్ పక్కన పెట్టి, తన పళ్లెంతో పాటు నా పళ్లెం కూడా తీసుకుపోయి కడిగింది. ఏడవలేదు. వరండా చివరికి పోయి ఇంటికి ఫోన్ చేసింది. రెండు నిమిషాల్లో వచ్చేసింది.

"ఏమన్నరు?" అన్నాను.

"బాపు సరే తియ్ అన్నడు. గంతే."

మంచిదే కదా అనుకున్నాను. మా ఇంట్లో అయితే పెద్ద రామాయణమే అయ్యేది.

డాబా మీద నేను ఆ గొంతు విన్నది ఇది జరిగిన మూడు వారాలకు. తరువాత ఇంకో రెండుసార్లు విన్నాను. ఒకసారి స్నానాల గదిలో, కుళాయి తిప్పి ఉంది, నీళ్ల చప్పుడు కింద ఆ మాటలు. ఇంకోసారి పొద్దున నేను దుప్పటి కప్పుకుని ఉన్నప్పుడు. నిద్రపోతున్నాననుకుని, అద్దం ముందు తల దువ్వుకుంటూ, చాలా మెల్లగా. ప్రతిసారీ "నువ్వు" అనేది. ఎదురుగా ఇంకో మనిషిని నిలబెట్టుకున్నట్టు. ఆ గొంతు ఆమెది కాదు. ఆమెతో అన్ని నెలలు ఒకే గదిలో ఉన్నాను, అలాంటి గొంతుతో ఆమె ఇంకెవరితోనూ మాట్లాడగా వినలేదు.

రెండో సెమిస్టర్లో మా మేడం ఒక పని అప్పజెప్పింది. మాకు పాఠాలు చెప్పే ఆమె, నలభై దాటిన మనిషి, బోర్డు మీద రాయడం కంటే కిటికీ పక్కన నిలబడి మాట్లాడటమే ఎక్కువ.

"హాస్టల్లో పదిమందిని అడగండి" అంది. "మనిషికొక కాగితం. రెండే ప్రశ్నలు. మీరు తప్పు చేసినప్పుడు, ఫెయిలైనప్పుడు, లోపల మిమ్మల్ని మీరు ఏమంటరు? అదే తప్పు మీ దోస్తు చేస్తే ఆమెతోని ఏమంటరు? వాళ్లు అన్న మాట అన్నట్టే రాయండి. సక్కదిద్దకండి. పేర్లు రాయొద్దు."

చాలా తేలికైన పని అనుకున్నాం. కాగితం మీద అడ్డంగా గీత గీసి రెండు గళ్లు చేసి, గది గదికీ తిరిగాను. మొదట అందరూ నవ్వారు. తరువాత చెప్పడం మొదలుపెట్టారు. బేకార్ దాన్ని అనుకుంట అని ఒకరు. దున్నపోతు అని ఒకరు. నీ మొహానికి గిదే ఎక్కువ అనుకుంటానని ఒకరు. పై గడిలో ఒకటో రెండో మాటలు, కానీ రాస్తుంటే నాకే చెయ్యి ఆగేది. కింది గడి దగ్గరికి వచ్చేసరికి వాళ్ల మొహాలే మారిపోయేవి. దోస్తుతో ఏమంటారో ఆపకుండా చెప్పేవాళ్లు, ఎంత మెత్తగా చెప్పేవాళ్లో. నాకు చోటు చాలక కాగితం వెనక్కి తిప్పి రాయాల్సి వచ్చేది.

సిరిసిల్ల పిల్ల ఒకామె, వాళ్లింట్లో మరమగ్గాలు నడుపుతారు, తన మాట చెప్పి, నేను రాసింది వంగి చదువుకుంది. అప్పుడు నన్నే అడిగింది. "మా అవ్వ గానీ బాపు గానీ నన్ను ఎన్నడు గట్ల అనలే అక్కా. మరి గీ మాట నాకెక్కడికెల్లి వచ్చింది?" ఇద్దరం ఆలోచించాం. చివరికి ఆమెకే గుర్తొచ్చింది. ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో స్టడీ అవర్ చూసే సార్ అనేవాడట. ఆ సార్ మొహం కూడా సరిగ్గా జ్ఞాపకం లేదట. మాట మాత్రం ఉండిపోయింది.

నా రూమ్మేట్‌ను దాదాపు చివర్లో అడిగాను. తొమ్మిదో కాగితం ఆమెది. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో లెక్కల పుస్తకం పెట్టుకుని ఉంది.

"మొదటిది చెప్పు. తప్పు చేసినప్పుడు నిన్ను నువ్వు ఏమనుకుంటవ్?"

"నేనా? ఏమనుకోను" అంది. "మంచిగనే ఉన్న గదా."

నేను పెన్ను పట్టుకుని ఆమె మొహంలోకి చూశాను. ఆమె నా మొహంలోకి చూసింది. నాకు తెలుసన్న సంగతి ఆమెకు తెలియదు. నేను విన్నానన్న ఒక్క మాట ఆ రోజు అనేసి ఉంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ అడిగితే ఏమవుతుందో, ఆమె ఏడిస్తే ఏం చెయ్యాలో, లేకపోతే కోపం తెచ్చుకుంటే ఇదే గదిలో ఎలా ఉండాలో అనిపించింది. అదీగాక నాకు తొమ్మిదో కాగితం కావాలి. "ఏమనుకోను, మంచిగనే ఉన్న" అని పై గడిలో రాసుకున్నాను.

కింది గడికి ఆమె చాలాసేపు చెప్పింది. దోస్తు ఫెయిలైతే ముందు పక్కన కూర్చుంటానంది. తినిపిస్తానంది. ఒక్క పేపరే నువ్వు కాదని చెప్తానంది. కాగితం వెనకవైపు కూడా నిండిపోయింది.

ఆ తరువాత ఆమె మెస్‌కు రావడం తగ్గించింది. అడిగితే తలనొప్పి అనేది, లేదంటే క్యాంటీన్‌లో తిన్న అనేది. ఒక రోజు పట్టుబట్టి పళ్లెం తెచ్చి ముందు పెడితే, "ఇయ్యాల ఒక లెక్క తప్పు చేసిన. రేపు తింట" అంది. నవ్వుతూనే అంది. నేనూ తమాషాకే అనుకుని నవ్వాను. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కూర్చుని లేచేటప్పుడు గోడ పట్టుకునేది.

ఆపైన ఉన్నట్టుండి అంతా సర్దుకున్నట్టయింది. డాబా మీద గొంతు లేదు. స్నానాల గదిలో లేదు. ఆమె మొహం తేటపడింది. తన అలమర అంతా బయటికి తీసి దులిపి, మళ్లీ మడతలు పెట్టింది. ఎవరెవరి దగ్గర పుస్తకాలు తెచ్చుకుందో గుర్తు చేసుకుని గదులకు పోయి ఇచ్చి వచ్చింది. కింద గదిలో ఉండే వాళ్ల క్లాసు పిల్లకు తన నోట్సు మొత్తం ఇచ్చేసింది. "పరీక్షలకు నీకొద్దా?" అంటే, "నాకు వచ్చు తియ్" అంది.

నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను. అన్ని వారాలుగా ఆ గొంతు మళ్లీ ఎప్పుడు వినపడుతుందోనని చెవులు రిక్కించి బతికాను. అది ఆగిపోయింది కాబట్టి గండం గడిచిందనుకున్నాను. ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను. ఇప్పటికీ నాకు అన్నిటికంటే ఎక్కువ బుగులు పుట్టించేది ఆ వారమే.

రికార్డులు దిద్దే రోజు మేడం నన్ను తన గదికి పిలిచింది. పొద్దున పదకొండు కావస్తోంది. ఆమె నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ తొమ్మిదోది దగ్గర ఆగింది. పై గడి చూసింది. కింది గడి చదివింది. వెనక్కి తిప్పి అదీ చదివింది. మళ్లీ పై గడికి వచ్చింది.

"అందరు ఏదో ఒకటి అనుకున్నరు. ఈమె ఏమనుకోనంది. దోస్తుకు ఇంత చెప్పిన పిల్ల ఈమె. తనకు మాత్రం ఒక్క మాట లేదా?" అని తలెత్తింది. "నిజమే చెప్పిందా?"

నేను నేల చూపులు చూశాను.

"ఏమైంది?"

అప్పుడు చెప్పాను. డాబా, ఫోను, కుళాయి చప్పుడు, అద్దం. తిండి సంగతి. ఇప్పుడు మంచిగానే ఉందని, తిట్టుకోవడం మానేసిందని, అలమర సర్దుకుందని, నోట్సు కూడా ఇచ్చేసిందని, అదేదో మంచి కబురైనట్టు ఆఖర్న చెప్పాను. నేను చెబుతుండగానే మేడం లేచి నిలబడింది. ఆమె మొహంలో రంగు పోవడం నేను చూశాను.

"ఇప్పుడెక్కడుంది?"

"రూమ్లనే మేడం. పొద్దుగాల్ల నేనొచ్చేటప్పుడు తలకాయ నొస్తుందని పండుకునే ఉండె, క్లాసుకు పోనన్నది."

"నడువు."

మేడం స్కూటీ మీద అయిదు నిమిషాల్లో హాస్టల్‌కు చేరాం. నేను వెనక కూర్చుని ఆమె భుజం పట్టుకున్నాను.

గది తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆమె మంచం మీద దుప్పటి ఒక్క ముడతైనా లేకుండా పరిచి ఉంది. తలగడ మీద ఫోను. నా మంచం మీద ఆమె ఆకుపచ్చ స్వెటర్, మడత పెట్టి, మీద చిన్న చీటీ. "చలికి ఏసుకో."

మేడం చీటీ చదివి బయటికి ఉరికింది. "డాబాకు దారెటు?" చెయ్యి చూపించగలిగాను, అంతే. ఆమె మెట్లెక్కుతుంటే నేను కింద మెట్ల కటాంజనం పట్టుకుని నిలబడిపోయాను. చెప్పుల చప్పుడు పైకి పోయింది, డాబా అంతా తిరిగింది, ఆగింది.

"ఇక్కడ లేదు!" అని పైనుంచి అరిచింది.

ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "ఎవలు, గా శ్రీరాంపూర్ పిల్లనా? పొద్దుగాల్ల ఎనిమిదింటికే పోయిందమ్మా. మంచిర్యాల బస్సు ఏ టయానికుందని నన్నడిగింది. ఇంటికి పోతుందనుకున్న."

"సంచి పట్టుకపోయిందా?"

"లేదు. ఉత్త చేతులతోనే పోయింది."

ఆమె ఇంటి నంబరు నా దగ్గర ఉంది. మేడం మాట్లాడింది. ఇంకా రాలేదన్నారు. ఎనిమిదింటికి బయల్దేరిన మనిషి ఈపాటికి చేరి ఉండాలి. ఫోన్ పెట్టేసి మేడం నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చిందని నాకు అర్థమైంది.

బస్టాండుకు పోయాం. ఎప్పటిలాగే జనం. మైకులో ఊళ్ల పేర్లు చదువుతున్నారు. గోదావరిఖని, జగిత్యాల, వేములవాడ. ప్రతి ప్లాట్‌ఫారం మీదా మొహాలు చూసుకుంటూ నడిచాం. వెనక నుంచి ఆమెలా కనబడ్డ ఇద్దరు ముగ్గురి భుజం పట్టుకుని తిప్పాను. మంచిర్యాల బస్సులు ఆగే చోట, చివరి సిమెంటు బెంచీ మీద, గోడకు ఆనుకుని ఆమె కూర్చుని ఉంది.

పోయి పక్కన కూర్చున్నాను. ఆమె తల తిప్పి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"ఎప్పటి సంది ఉన్నవిక్కడ?"

"తెల్వది."

"బస్సులు రాలేదా?"

"వచ్చినయ్. పోయినయ్."

"మరి ఎక్కలేదేంది?"

ఒక బస్సు వెనక్కి వచ్చి మా ముందు ఆగింది. జనం ఎక్కుతున్నారు.

"ఎక్కితే ఇల్లొస్తది గదా" అంది. "ఇంటికి పోయి ఏం మొహం చూపియ్యాలె? ఎక్కకుంటే ఇంకెటు పోవాలెనో... అదే అనుకుని వచ్చిన. కాళ్లే లేస్తలేవు."

మేడం మా ఎదురుగా, చీర మట్టి అవుతుందని చూడకుండా, నేల మీద గొంతుక్కూర్చుంది. నేను ఇంక ఆపుకోలేకపోయాను.

"నువ్వు నిన్ను నువ్వు తిట్టుకునేది నేను విన్న. మూడుసార్లు విన్న."

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. "విన్నవా?"

"విన్న."

"విని ఏమనలేదు" అంది. కోపంగా కాదు. లెక్కలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పోయినట్టు. "అంటే నిజమే అన్కున్నవన్నట్టు."

"కాదే! నాకు బుగులైంది. బుగులై సప్పుడు జెయ్యలే. అదొక్కటి గూడ నిజం కాదు. ఒక్కటి గూడ కాదు."

మేడం ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు ఆ జనంలో, ఆ మైకు కింద, పగటి వెలుతురులో, మామూలు గొంతుతో అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తుందా అమ్మా?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట అనకూడదనుకున్నాను. అంటే లేనిది పుట్టించినట్టవుతుందనుకున్నాను. కానీ నా రూమ్మేట్ మొహం చూస్తే, ఎంతో దూరం నుంచి నెత్తి మీద మోసుకొచ్చిన మూటను ఎవరో ఒక చెయ్యి వేసి పట్టుకున్నట్టుంది.

"అవును మేడం" అంది. అప్పుడు ఏడ్చింది. ఫలితాలు వచ్చిన తరువాత మొదటిసారి.

అక్కణ్నుంచి నేరుగా దవాఖానకు తీసుకుపోయాం. మేడం ఆటోలో ఆమె పక్కన కూర్చుని, దవాఖాన గేటు దాకా ఆ చెయ్యి వదల్లేదు. డాక్టరమ్మ చాలాసేపు మాట్లాడింది. కొన్నాళ్లు మందులు కావాలంది, మాటలు ఇంకా ఎక్కువ రోజులు కావాలంది, ఒక్కదాన్ని వదలొద్దంది.

సాయంత్రానికి వాళ్ల నాన్న వచ్చాడు. షిఫ్టు దిగి బట్టలు మార్చుకుని ఉన్నపళంగా వచ్చిన మనిషి. చెవుల వెనక, గోళ్ల సందుల్లో బొగ్గు పొడి అలాగే ఉంది. లోపలికి పోయి బిడ్డను చూశాడు. పక్కన నిలబడ్డాడు. దుప్పటి కాళ్ల మీదికి లాగి, బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"ఫెయిలైన్నాడు ఫోన్ జేసింది బిడ్డా" అన్నాడు. "నేనొక్క మాట అనలే. అంటే బాధపడతదని సప్పుడు జెయ్యలే. తిట్టలే. నువ్వే చెప్పు, తిట్టిన్నా?"

"లేదు బాపూ" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

ఆయన అరచేతులు చూసుకున్నాడు. "బాయిల పనికి దిగంగనే ముందుగాల కట్టెతోని మీది కప్పును కొట్టి చూస్తం. గట్టిగ మోగితే ఫికర్ లేదు. బోలుగ మోగితే ఆడ మనిషిని నిలవడనియ్యం. ఇరువై ఆరేండ్ల సంది గిదే పని నాది. బయటికెల్లి చూస్తే రెండు ఒక్క తీర్గనే ఉంటయ్, తెల్వది. కొట్టి చూస్తెనే తెలుస్తది." కాసేపటికి లేచి మళ్లీ లోపలికి పోయాడు. ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినపడింది.

ఫలితాల రోజు నాన్న మౌనాన్ని తాను ఎలా అర్థం చేసుకుందో ఆమె నాకు చాలా రోజుల తరువాత చెప్పింది. "తిట్టనన్న తిట్టలే అంటే నా మీద ఆశనే వదిలేసిండనుకున్న. మరి ఎవలో ఒకలు తిట్టాలె గదా. నేనే తిట్టుకున్న." ఆయన మౌనంలో ఉన్నది ఆమె మీద దయే. నాకు నిద్రపట్టనిచ్చిన నా మౌనంలో ఉన్నదేమిటో నేను అంత సులువుగా చెప్పలేను.

ఆమెను ఇంటికి తీసుకుపోయారు. ఆ సెమిస్టర్ రాయలేదు. నేను గదిలో ఒక్కదాన్నే మిగిలాను. పదిహేను రోజుల తరువాత మేడం వరండాలో ఎదురై, "నువ్వెట్లున్నవ్?" అంది.

"మంచిగనే ఉన్న మేడం" అన్నాను.

ఆమె కదల్లేదు. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. అప్పుడు నాకు వినపడింది, నేను ఏమన్నానో. ఆ పదిహేను రోజులుగా పొద్దున పళ్లు తోముకునేటప్పుడు, బస్సెక్కేటప్పుడు, తినేటప్పుడు నా లోపల ఒకటే మాట నడుస్తోంది. చూసుకుంట కూసున్నదానివి. కాగితం కోసం మనిషిని వదిలిపెట్టినదానివి. మెస్‌లో సగం తిని లేస్తున్నాను. అది నాకు తిట్టులా అనిపించలేదు, న్యాయంగా అనిపించింది. ఆమెకూ అలాగే అనిపించి ఉంటుంది. ఆ గొంతు లోపలికి వచ్చేటప్పుడు ఎప్పుడూ న్యాయం వేషమే వేసుకుని వస్తుంది.

మేడం తన గదిలో కూర్చోబెట్టి ఒక తెల్ల కాగితం ఇచ్చింది. గీత గీయమంది. పై గడి నింపడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. కింది గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. దోస్తు ఇదే తప్పు చేస్తే ఏమంటాను? ఇరవై మూడేళ్ల పిల్ల, భయపడి, అడగలేకపోయింది. ఆమెతో ఏమంటాను? చాలాసేపటికి "నీకు భయమైంది" అని రాశాను. ఆ రోజుకు అంతకంటే ముందుకు పోలేదు. మేడం కూడా ముందుకు తొయ్యలేదు.

మరుసటి సంవత్సరం ఆమె తిరిగి వచ్చింది. జూనియర్లతో కలిసి కూర్చుంది. నెలకోసారి డాక్టరమ్మ దగ్గరికి పోయేది, కుదిరినప్పుడల్లా నేను వెంట పోయేదాన్ని. మొదట్లో మా ఇద్దరి మధ్యా ఒక బెరుకు ఉండేది. ఆమె కాసేపు మాట్లాడకపోతే నేను తలెత్తి చూసేదాన్ని. నేను చూస్తున్నానని ఆమెకు తెలిసేది. చివరికి ఒక రోజు ఆమే తేల్చేసింది. "గట్ల దొంగతనంగ సూడకు. అడుగు. గా గొంతు తిడుతుందా అని అడుగు, ఉంటే ఉన్నదంట, లేకుంటే లేదంట." అప్పటి నుంచి అలాగే అడిగేదాన్ని. ఒక్కోసారి లేదనేది. ఒక్కోసారి ఉందని, ఏమంటోందో ఉన్నదున్నట్టు పైకి చెప్పేది. పైకి అన్నాక ఆ మాటలు కొన్ని మాకే విచిత్రంగా వినపడేవి. కొన్ని మాత్రం పైకి అన్నా అంతే బరువుగా ఉండేవి.

తప్పిన పేపరు మళ్లీ రాసింది. ఫలితాలు వచ్చిన పొద్దున మేము డిపార్ట్‌మెంట్ బయట అరుగు మీద ఉన్నాం. నంబరు నేనే కొట్టాను. పాసైంది. మంచి మార్కులే. నేను అరిచి ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఆమె నవ్వింది, ఇంటికి ఫోన్ చేసి చెప్పింది, అటువైపు వాళ్ల నాన్న ఈసారి చాలాసేపు మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక ఆమె అరుగు మీద అలాగే ఉండిపోయింది. పెదవులు కొద్దిగా కదిలాయి.

ఆ కదలిక నాకు తెలుసు. అయినా అడిగాను. "ఏమంటుంది?"

"గింత సులువు పేపరు మొదటిసారే ఎందుకు రాయలే అంటుంది." నా వైపు తిరిగింది. కళ్లు పెద్దవై ఉన్నాయి. "పాసైనా తిడుతుందే. నేను పాసైతే పోతదనుకున్న."

నేనూ అదే అనుకున్నాను. ఎండ అరుగు మీదికి ఎక్కుతోంది. లోపల ఎవరో పాసైనవాళ్లు కేకలు వేస్తున్నారు.

"నాకు గూడ బుగులైతుంది" అన్నాను.

"నీక్కూడనా?"

"ఆ."

ఆమె తల ఊపింది. ఆ రోజు డాక్టరమ్మ దగ్గరికి పోవాల్సిన రోజు, పన్నెండింటికి రమ్మన్నారు. లేచి దుప్పట్టా దులుపుకుంది. ఇద్దరం ఆటో కోసం గేటు వైపు నడిచాం.